డీపిన్, ఓపెన్‌కైలిన్, ఓపెన్‌ఆయిలర్‌లో సెక్యూర్ కనెక్షన్ ఎర్రర్లు: ఎక్కడ మొదలుపెట్టి ఎలా సరిచేయాలి

చైనాలో పుట్టిన లినక్స్ ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసి బ్రౌజర్ తెరవగానే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని కనిపిస్తే, జనం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. చైనాది కదా, ఇంతే అనుకుని డిస్క్ ఫార్మాట్ కొట్టేస్తారు. లేదంటే ఎక్కడో దొరికిన సలహా పట్టుకుని సర్టిఫికెట్ (సైట్ తన గుర్తింపు చూపించే డిజిటల్ పత్రం) చెకింగ్‌నే ఆపేస్తారు. రెండూ అక్కర్లేదు. ఈ ఎర్రర్లు ఎక్కువగా పుట్టేది మూడు చోట్ల: గడియారం, మధ్యలో ఉన్న నెట్‌వర్క్, పాతబడిన రూట్ సర్టిఫికెట్లు (మిగతా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే నమ్మదగిన సంస్థలవి). ఈ మూడూ ఏ దేశపు లినక్స్‌లోనైనా ఒకటే. నిజంగా చైనాకే ప్రత్యేకమైన కారణం ఇంకోటి ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరాలు కావాల్సిన చోట ఆ మాట చెప్తాను. "డ్యాష్" అంటే చిన్న అడ్డగీత.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

డీపిన్ మూలాలు 2004 నాటి హైవీడ్ లినక్స్‌లో ఉన్నాయి. 2011లో వూహాన్‌లో దానికో కంపెనీ ఏర్పడింది. డెబియన్ పునాది మీద నడుస్తుంది. 2019లో వచ్చిన యూనియన్‌టెక్ వాళ్ల యూఓఎస్ దీని అన్నదమ్ముల్లాంటిదే. కైలిన్ అనే పేరు అక్కడి జాతీయ రక్షణ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఉబుంటు కైలిన్ 2013 ఏప్రిల్‌లో 13.04తో ఉబుంటు అధికారిక రూపాల్లో చేరింది. ఓపెన్‌కైలిన్ 1.0 2023 జులైలో విడుదలైంది. వీటన్నిటిలో ప్యాకేజీలు (ప్రోగ్రాములు) ఏపీటీ అనే టూల్‌తోనే వస్తాయి.

ఓపెన్‌ఆయిలర్ దారి వేరు. హువావే దాని సోర్స్‌ను 2019 డిసెంబర్ 31న తెరిచింది, 2021 నవంబర్‌లో ఓపెన్‌ఆటమ్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ఇది సర్వర్ల కోసం చేసిన సిస్టమ్. ఆర్‌పీఎం ప్యాకేజీలు, డీఎన్‌ఎఫ్ కమాండ్. అలీబాబా వైపు నుంచి వచ్చిన అనోలిస్ కూడా ఈ కోవలోదే. సర్వర్లలో వాడే సెంటాస్ లినక్స్‌లో, సెంటాస్ 8కి 2021 చివర్లో, సెంటాస్ 7కి 2024 జూన్ 30న సపోర్ట్ ఆగిపోవడంతో వీటి వైపు చూసినవాళ్లు చాలామందే.

ఏది ఉందో గుర్తులేకపోతే "క్యాట్" అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న ఓఎస్ డ్యాష్ రిలీజ్ అనే ఫైల్ దారి ఇవ్వండి. పేరు, వెర్షన్ చూపిస్తుంది. రూట్ సర్టిఫికెట్ల దగ్గరికి వచ్చేసరికి ఏపీటీ వాళ్లది ఒక దారి, డీఎన్‌ఎఫ్ వాళ్లది ఇంకో దారి కాబట్టి ఇది తెలిసుండాలి.

మెసేజ్‌లు చైనీస్‌లో వస్తుంటే టెన్షన్ పడక్కర్లేదు. ఏ కమాండ్‌కైనా ముందు "ఎల్‌సీ అండర్‌స్కోర్ ఆల్ ఈక్వల్ సీ" అని పెద్దక్షరాల్లో చేర్చి, ఖాళీ వదిలి అసలు కమాండ్ కొడితే, ఆ ఒక్కసారికి జవాబు ఇంగ్లిష్‌లో వస్తుంది. సిస్టమ్ భాష ఏమీ మారదు.

బ్రౌజర్ ఇచ్చిన కోడ్ చదవండి

పైన పెద్దగా కనిపించే వాక్యం ఏ భాషలో ఉన్నా, దాని దగ్గర్లోనే చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. అది ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. క్రోమియం రకం బ్రౌజర్లలో (డీపిన్ సొంత బ్రౌజర్ కూడా ఆ రకమే) కోడ్ చివర "డేట్ ఇన్‌వ్యాలిడ్" అని ఉంటే గడియారాన్ని అనుమానించండి. "అథారిటీ ఇన్‌వ్యాలిడ్" అంటే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాళ్లెవరో మీ కంప్యూటర్‌కు తెలియదు. "కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్" అంటే మీరు అడిగిన సైట్ ఒకటి, సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఇంకోటి. "వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్" అంటే రెండు వైపులా ఒప్పుకునే ఎన్‌క్రిప్షన్ పద్ధతి దొరకలేదు. "కనెక్షన్ రీసెట్" అసలు సర్టిఫికెట్ ఎర్రరే కాదు. అది చూసి సర్టిఫికెట్లు మార్చుకుంటూ కూర్చుంటే రోజంతా గడిచినా ఫలితం ఉండదు.

ఫైర్‌ఫాక్స్‌లో "అన్‌నోన్ ఇష్యూయర్" అనేది పైన చెప్పిన అథారిటీ ఇన్‌వ్యాలిడ్‌కు సమానం. "ఎంఐటీఎం డిటెక్టెడ్" అని వస్తే మధ్యలో ఎవరో కనెక్షన్ విప్పి చూస్తున్నారని ఫైర్‌ఫాక్స్ తనంతట తానే చెప్తోంది.

మొదటి మెట్టు: గడియారం

ప్రతి సర్టిఫికెట్‌కూ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ తేదీ ఆ రెండింటి మధ్య లేకపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా కనెక్షన్ కుదరదు. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయిన పాత సిస్టమ్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు దాదాపు అన్ని సైట్లూ ఒకేసారి మొరాయిస్తాయి. సెల్ మార్చండి, పెద్ద ఖర్చేం కాదు.

ఈ సిస్టమ్‌లకు సంబంధించి ఇంకాస్త తిరకాసైన చిక్కు ఒకటి ఉంది. ఇన్‌స్టాలర్ చాలాసార్లు షాంఘై టైమ్ జోన్ చూపిస్తుంది, మనం నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం. చైనా మొత్తానికీ ఒకే సమయం, మనకంటే రెండున్నర గంటలు ముందు. జోన్ తప్పుగా ఉన్నంత మాత్రాన సర్టిఫికెట్లకు ఏమీ కాదు, ఎందుకంటే లోపల లెక్క యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) జరుగుతుంది. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఉదయం 10 గంటలకు స్క్రీన్ మీద 12:30 చూసి, జోన్ మార్చకుండా చేత్తో గడియారాన్ని 10:00కి తిప్పేస్తాం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ సిస్టమ్ దాన్ని షాంఘైలో 10 గంటలు అనుకుంటుంది, అంటే లోపలి యూటీసీ రెండున్నర గంటలు వెనకబడింది. ఆ స్థితిలో ఏపీటీ అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ "నాట్ వ్యాలిడ్ యెట్" అని, ఇంకా రెండు గంటల చిల్లర ఆగాలని చెప్పొచ్చు. ఆ అంకె రెండున్నర గంటల లోపు కనిపిస్తే ముందు ఈ కారణాన్నే చూడండి.

విండోస్‌తో డ్యుయల్ బూట్ ఉంటే తేడా ఐదున్నర గంటలు ఉంటుంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో భారత సమయం రాసిపెడుతుంది, లినక్స్ దాన్ని యూటీసీ అనుకుని ఇంకో ఐదున్నర కలుపుతుంది.

సరిచేయడానికి ముందు "టైమ్‌డేట్‌సీటీఎల్" అని మాత్రమే కొట్టి స్థితి చూడండి. యూనివర్సల్ టైమ్ అన్న వరసను ఫోన్‌లోని సమయంతో పోల్చండి. దానికి ఐదున్నర కలిపితే మన టైమ్ రావాలి. రాకపోతే ఈ రెండూ వరసగా:

1. సూడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ డ్యాష్ టైమ్‌జోన్, ఆ పక్కన ఏషియా స్లాష్ కోల్‌కతా (ఏషియాలో మొదటి అక్షరం, కోల్‌కతాలో మొదటి అక్షరం పెద్దవి).
2. సూడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ డ్యాష్ ఎన్‌టీపీ ట్రూ (సమయాన్ని నెట్ నుంచి తెచ్చుకోమని చెప్పడం).

చైనాలోనే ఉన్నవాళ్లు మొదటిది వదిలేయొచ్చు. రెండోది కొట్టాక కాసేపు ఆగి మళ్లీ చూడండి. "సింక్రనైజ్డ్" పక్కన "యెస్" (అవును) అని రాకపోతే నెట్‌వర్క్ యూడీపీ 123 పోర్టును అడ్డుకుంటూ ఉండొచ్చు. కాలేజీ, ఆఫీసు నెట్‌వర్క్‌లలో ఇది మామూలే. ఒక్కసారి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపితే సమయం సర్దుకుంటుంది.

సర్టిఫికెట్ల గడువులు కూడా తగ్గుతున్నాయి. 2020 సెప్టెంబర్ నుంచి గరిష్ఠం 398 రోజులుగా ఉండేది. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు అని పరిశ్రమ నిర్ణయించింది. గడియారం తప్పుంటే నెట్టుకురావడం ఇకముందు ఇంకా కష్టమవుతుంది.

రెండో మెట్టు: నెట్‌వర్క్ మార్చి చూడండి

గడియారం సరిగ్గా ఉండి కూడా ఎర్రర్ వస్తుంటే, సిస్టమ్‌లో ఏదీ ముట్టుకోకుండా అదే మెషీన్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఎర్రర్ పోయిందా? అయితే తప్పు డీపిన్‌ది కాదు, కైలిన్‌ది కాదు, మీ వైఫైది.

అందులో తేలికైన రకం లాగిన్ పేజీ ఉన్న వైఫై. హాస్టల్, ఎయిర్‌పోర్ట్, హోటల్ వైఫైలు మీరు లాగిన్ అయ్యేదాకా ప్రతి సైట్‌కూ తమ పేజీ చూపించాలని చూస్తాయి, సెక్యూర్ సైట్ దానికి ఒప్పుకోదు. ఎన్‌క్రిప్షన్ లేని పేజీ ఏదైనా తెరిస్తే లాగిన్ తెర బయటికొస్తుంది. ఇందుకోసమే నడిచే నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ వాడొచ్చు.

రెండో రకం బరువైంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, చాలా కంపెనీల్లో ఫైర్‌వాల్ ప్రతి కనెక్షన్‌నూ మధ్యలో విప్పి, చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. ల్యాబ్‌లోని విండోస్ మెషీన్లలో ఆ ఫైర్‌వాల్ రూట్‌ను అడ్మిన్ ముందే పెట్టి ఉంచుతాడు కాబట్టి అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. మీ ల్యాప్‌టాప్‌లోని డీపిన్ మాత్రం గోల చేస్తుంది. నిజానికి అది తన పని సరిగ్గా చేస్తోంది.

సంతకం ఎవరిదో చూడటానికి టెర్మినల్‌లో ఇలా కొట్టండి: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఎస్ అండర్‌స్కోర్ క్లయింట్, డ్యాష్ కనెక్ట్, సైట్ పేరు కోలన్ 443, డ్యాష్ సర్వర్‌నేమ్, మళ్లీ సైట్ పేరు. సర్వర్‌నేమ్ భాగం వదిలేయకండి. ఒకే ఐపీ మీద వందల సైట్లు నడిచే చోట, 1.1.1 కంటే పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అది లేకపోతే వేరే సైట్ సర్టిఫికెట్ వచ్చి మీరే తప్పుదారి పడతారు.

వచ్చిన దాంట్లో "ఇష్యూయర్" చూడండి. పెద్ద సైట్‌కు మీ కాలేజీ పేరో, ఫైర్‌వాల్ బ్రాండ్ పేరో ఇష్యూయర్‌గా ఉంటే విషయం తేలిపోయినట్టే. కింద "వెరిఫై రిటర్న్ కోడ్" పక్కన అంకె ఉంటుంది. 0 అంటే సంతకాల గొలుసు బాగుంది. 9 అంటే సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలవలేదు, 10 అంటే అయిపోయింది. మీ గడియారం సరైనదైతే 10 ఆ సైట్ వాళ్ల నిర్లక్ష్యం. 18, 19 అంటే ఎవరో సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్. 20, 21 అంటే గొలుసులో ఒక లంకె దొరకలేదు. ఈ కమాండ్ తనంతట తాను సైట్ పేరు సరిపోయిందో లేదో చూడదు, ఆ పని కళ్లతో చేయాలి.

20, 21 విషయంలో ఒక వింత కనిపిస్తుంది. అదే సైట్ బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది, కర్ల్, గిట్ లాంటి టెర్మినల్ టూల్స్‌లో మాత్రం ఫెయిల్ అవుతుంది. సైట్ సర్టిఫికెట్‌ను రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్‌ను సర్వర్ పంపడం మర్చిపోతే, క్రోమ్ దాన్ని తానే వెతికి తెచ్చుకుంటుంది, ఫైర్‌ఫాక్స్ ముందే దాచుకున్న జాబితాలోంచి తీసుకుంటుంది. కర్ల్ అలాంటి మొహమాటం పెట్టుకోదు. ఇది సర్వర్ నడిపేవాళ్లు సరిచేయాల్సిన తప్పు.

కాలేజీ రూట్‌ను మీ మెషీన్‌లో చేర్చుకోవాలా అంటే, చేర్చుకుంటే ఎర్రర్లు పోతాయి, దాంతోపాటు ఆ నెట్‌వర్క్ మీద మీరు టైప్ చేసే పాస్‌వర్డ్‌లు ఫైర్‌వాల్ చదవగలుగుతుంది. చదువు పనికి సరే. బ్యాంకు పనికి ఫోన్ డేటా వాడండి.

మూడో మెట్టు: రూట్ సర్టిఫికెట్లు

నెట్‌వర్క్ మార్చినా అథారిటీ ఎర్రర్ పోకపోతే, అదీ చాలా సైట్లకు వస్తుంటే, మీ సిస్టమ్‌లో నమ్మదగిన సంస్థల జాబితా పాతబడి ఉంటుంది. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ గడువు ముగిసినప్పుడు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు వాడే సైట్లు పాత సిస్టమ్‌లలో ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. ఎప్పుడో దాచుకున్న ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్)తో ఇన్‌స్టాల్ చేస్తే ఈరోజుకీ ఇలాంటివి తగులుతాయి.

ఏపీటీ ఉన్నవాటిలో: సూడో ఏపీటీ అప్‌డేట్, తర్వాత సూడో ఏపీటీ ఇన్‌స్టాల్ డ్యాష్ డ్యాష్ రీఇన్‌స్టాల్ సీఏ డ్యాష్ సర్టిఫికెట్స్. ఓపెన్‌ఆయిలర్, అనోలిస్‌లలో సూడో డీఎన్‌ఎఫ్ అప్‌డేట్ సీఏ డ్యాష్ సర్టిఫికెట్స్.

ఇక్కడ ఒక ముడి పడుతుంది. జాబితా పాతది కాబట్టి ఏపీటీ సర్వర్‌తోనే సెక్యూర్ కనెక్షన్ కుదరదు, కొత్త జాబితా దించుకోవడానికి ఆ కనెక్షనే కావాలి. చాలామంది ఇక్కడే చెకింగ్ ఆపేస్తారు. దానికంటే మంచి దారి ఉంది. ఈటీసీ ఏపీటీ ఫోల్డర్‌లోని సోర్సెస్ డాట్ లిస్ట్‌లో, ఆ మిర్రర్ (ప్యాకేజీల నకళ్లు ఇచ్చే సర్వర్) ఒప్పుకుంటే, అడ్రస్ ముందున్న హెచ్‌టీటీపీఎస్‌ను ఈ ఒక్క పని అయ్యేదాకా హెచ్‌టీటీపీగా మార్చండి. ప్యాకేజీల అసలు భద్రత కనెక్షన్‌లో లేదు, వాటి జాబితా మీది జీపీజీ అనే డిజిటల్ సంతకంలో ఉంది. హెచ్‌టీటీపీలో వచ్చినా ఆ సంతకాన్ని ఏపీటీ సరిచూస్తుంది. మీరు ఏ ప్యాకేజీ దించుకున్నారో దారిలో వాళ్లకు కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు. పని కాగానే వెనక్కి మార్చేయండి. "ట్రస్టెడ్ ఈక్వల్ యెస్" అని చేర్చమనే సలహా వస్తే మాత్రం వినకండి, అది సంతకం చూడటాన్నే ఆపేస్తుంది.

సంస్థ ఇచ్చిన రూట్‌ను చేర్చాలంటే, ఏపీటీ వైపు ఫైల్ పేరు చివర డాట్ సీఆర్‌టీ ఉండేలా చూసి, యూఎస్‌ఆర్ లోపల లోకల్, షేర్, సీఏ డ్యాష్ సర్టిఫికెట్స్ ఫోల్డర్‌లో పెట్టి, సూడో అప్‌డేట్ డ్యాష్ సీఏ డ్యాష్ సర్టిఫికెట్స్ కొట్టాలి. ఎక్స్‌టెన్షన్ వేరే ఉంటే ఆ ఫైల్‌ను పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఓపెన్‌ఆయిలర్‌లో ఈటీసీ, పీకేఐ, సీఏ డ్యాష్ ట్రస్ట్, సోర్స్, యాంకర్స్ అనే వరసలో ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, సూడో అప్‌డేట్ డ్యాష్ సీఏ డ్యాష్ ట్రస్ట్ కొట్టాలి. డీపిన్ 25లో సిస్టమ్ భాగాన్ని రీడ్ ఓన్లీగా ఉంచే ఏర్పాటు వచ్చింది, "రాయడానికి వీల్లేదు" అని వస్తే ముందు దాని సొంత టూల్‌తో ఆ తాళం తీయాలి.

చైనా సిస్టమ్‌లో చైనా రూట్‌లు ఉంటే భయపడాలా అని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. 2015లో చైనా ఇంటర్నెట్ సంస్థ సీఎన్‌ఎన్‌ఐసీ కింద ఉన్న ఒక సంస్థ గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్లు చేయడంతో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ రూట్‌ను నమ్మడం మానేశాయి. 2016లో పాత తేదీలు వేసి సర్టిఫికెట్లు ఇచ్చినందుకు చైనా కంపెనీ వోసైన్‌కూ అదే గతి పట్టింది. అయితే 2014 జులైలో మన ఎన్‌ఐసీ కింద కూడా గూగుల్ డొమైన్లకు అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఆ తర్వాత భారత ప్రభుత్వ సర్టిఫికెట్ల సంస్థ సీసీఏ రూట్‌ను క్రోమ్ కొన్ని భారతీయ డొమైన్లకే పరిమితం చేసింది. కాబట్టి దేశం పేరు చూసి కాదు, జాబితా చూసి నిర్ణయించుకోండి. "ట్రస్ట్ లిస్ట్" అన్న కమాండ్ మీ సిస్టమ్ నమ్ముతున్న ప్రతి రూట్ పేరూ చూపిస్తుంది. డెబియన్ జాబితా మొజిల్లా నుంచి వస్తుంది. మొజిల్లా జాబితాలో లేని పేరు మీ దగ్గర కనిపిస్తే అది ఎందుకుందో కనుక్కోవాల్సిందే.

సొంత జాబితా పెట్టుకునే ప్రోగ్రాములు

సిస్టమ్ జాబితా సరిచేసినా ఒక్క ప్రోగ్రామ్ మొండికేస్తే, అది సొంత జాబితా వాడుతోందని అర్థం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, జావా, నోడ్, పైథాన్‌లోని రిక్వెస్ట్స్ ఇలాంటివే. ఫైర్‌ఫాక్స్‌కు సెట్టింగ్స్‌లో సర్టిఫికెట్ల పేజీ ఉంది. పైథాన్‌కు రిక్వెస్ట్స్ సీఏ బండిల్, నోడ్‌కు నోడ్ ఎక్స్‌ట్రా సీఏ సర్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్) ఉన్నాయి. గిట్‌లో ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఫాల్స్ అని పెట్టేసి మర్చిపోయినవాళ్లు ఈ రోజే వెనక్కి తీసేయండి.

నాలుగో మెట్టు: సర్టిఫికెట్‌తో సంబంధం లేనివి

చైనాలో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలకు తరచూ కనిపించేది "కనెక్షన్ రీసెట్". బ్రౌజర్ మొదట పంపే పలకరింపులో సైట్ పేరు విప్పి ఉంటుంది. అక్కడి ఫైర్‌వాల్ ఆ పేరు చదివి నచ్చకపోతే కనెక్షన్ తెంపేస్తుంది. సైట్ పేరును దాచే ఈఎస్‌ఎన్‌ఐ పద్ధతిని 2020 ఆగస్టు ప్రాంతంలో ఏకంగా అడ్డుకుంది. దీనికి మీ సిస్టమ్‌లో చేయగల మందు లేదు. మన దేశంలోనూ నిషేధించిన సైట్ల విషయంలో కొన్ని ఐఎస్‌పీలు ఇదే పద్ధతి వాడుతున్నాయి.

అక్కడ ఉన్నప్పుడు రీసెట్ కాకుండా సర్టిఫికెట్ హెచ్చరికే వస్తే మాత్రం ఇంకా జాగ్రత్త. 2013 జనవరిలో చైనాలోని గిట్‌హబ్ వినియోగదారులకు నకిలీ సర్టిఫికెట్లు ఎదురయ్యాయి. హెచ్చరికను దాటి ముందుకెళ్లినవాళ్ల పాస్‌వర్డ్‌లకు ఆరోజు రక్షణ లేదు.

ప్యాకేజీల కోసమైతే అక్కడ చింగ్‌హువా యూనివర్సిటీ మిర్రర్, హెఫెయిలోని యూఎస్‌టీసీ మిర్రర్ బాగా నడుస్తాయి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వాటి వేగం మీద ఆశ పెట్టుకోకండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ముందు మిర్రర్ మార్చి చూడండి.

ఇంకోటి, పింగ్ వెళ్తుంది, కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని మాత్రం అలా తిరుగుతూనే ఉంటాయి. బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ అయితే ప్యాకెట్ సైజు గరిష్ఠం 1492 ఉంటుంది. పింగ్ డ్యాష్ ఎం (పెద్దక్షరం) డూ డ్యాష్ ఎస్ 1464 అని ఇచ్చి, ఆపైన సైట్ పేరు కొట్టండి. జవాబు రాకపోతే, లేదా "మెసేజ్ టూ లాంగ్" అంటే 1464ను తగ్గించుకుంటూ పోండి. వెళ్లిన అంకెకు 28 కలిపి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఎంటీయూగా పెట్టండి.

చైనాకే ప్రత్యేకమైనది: ఎస్‌ఎం2, ఎస్‌ఎం3, ఎస్‌ఎం4

చైనాకు సొంత ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలు ఉన్నాయి. ఎస్‌ఎం2 సంతకాలకు, ఎస్‌ఎం3 హ్యాష్‌కు (సమాచారానికి వేలిముద్ర లాంటిది), ఎస్‌ఎం4 సమాచారాన్ని దాచడానికి. వీటితో నడిచే సెక్యూర్ కనెక్షన్‌కు టీఎల్‌సీపీ అని పేరు, 2020లో జాతీయ ప్రమాణంగా వచ్చింది. ఇందులో సర్వర్ ఒక సర్టిఫికెట్ కాకుండా రెండు చూపిస్తుంది, ఒకటి సంతకానికి, ఇంకోటి ఎన్‌క్రిప్షన్‌కు. మామూలు క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకు ఈ పద్ధతి తెలియదు. అందుకే అక్కడి ప్రభుత్వ, బ్యాంకు సైట్లలో ఈ ఒక్క దారే తెరిచిన వాటికి వెళ్తే "వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్" వస్తుంది. మన బ్రౌజర్లు వాడే సెక్యూర్ కనెక్షన్ పద్ధతి టీఎల్‌ఎస్ 1.3లో ఎస్‌ఎం పద్ధతులు ఎలా వాడాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 8998 అనే పత్రం కూడా 2021లో వచ్చింది, కానీ మన బ్రౌజర్లు దాన్నీ తీసుకోలేదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 నుంచి ఈ మూడు అల్గారిథమ్‌లూ ఉన్నాయి కదా అని కొందరు అక్కడ కుస్తీ పడతారు. అల్గారిథమ్ ఉండటం వేరు, టీఎల్‌సీపీ మాట్లాడటం వేరు. పరీక్షించి చూడాలంటే పెకింగ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన జీఎంఎస్‌ఎస్‌ఎల్ గానీ, యాంట్ గ్రూప్ తెరిచిన టాంగ్‌సువో గానీ కావాలి. బ్రౌజర్‌లో తెరవాలంటే ఎస్‌ఎం పద్ధతికి సపోర్ట్ ఉన్న చైనా బ్రౌజరే దారి.

ఈ ఎర్రర్‌ను చూసి పాత టీఎల్‌ఎస్ 1.0 ఆన్ చేయడం, సెక్యూరిటీ లెవల్ తగ్గించడం లాంటివి చేయకండి. సైట్ పాతదై కాదు, భాష వేరై కుదరడం లేదు, కాబట్టి వాటితో సైట్ తెరుచుకోదు, మీ మిగతా కనెక్షన్లు మాత్రం బలహీనపడతాయి. సైట్‌కు మామూలు బ్రౌజర్ల కోసం వేరే అడ్రస్ ఉందేమో అడిగి చూడండి. లేదంటే ఎస్‌ఎం బ్రౌజర్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టుకుని ఆ ఒక్క సైట్‌కే వాడండి, మీ జీమెయిల్, బ్యాంకు లాగిన్లు దాంట్లోకి తీసుకెళ్లకండి.